పద్నాలుగు సలహాలకు ఒక యోగ్యతా పత్రం

1961లో నన్ను జహీరాబాదుకు పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. రెండో ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తనిఖీ అంటేనే బడులు హడలిపోతున్నాయట. ఇకమీదట తప్పులు పట్టకుండా, బడి బాగుపడటానికి చేయూతనిచ్చే సలహాదారులను తయారుచేయాలట. అనుభవమున్న ఎనిమిదిమంది ఉపాధ్యాయులకు తర్ఫీదిచ్చి, యోగ్యతా పత్రాలిచ్చే పని నాకు అప్పగించారు. అప్పటిదాకా తప్పులు పట్టడం తప్ప మరో విద్య ఎరగనివాణ్ణి.

రెండు వారాలు తరగతులు చెప్పాను. ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో బడి. మూడు నెలలు అక్కడికి వెళ్లి వస్తూ, ఇచ్చిన ప్రతి సలహానూ లాగ్‌బుక్కులో, అంటే వచ్చిన అధికారి తన అభిప్రాయం రాసి సంతకం చేసే పుస్తకంలో, నమోదు చేయాలి. పద్నాలుగు సలహాలుంటే పాసు. పద్నాలుగే ఎందుకంటే, నాకిచ్చిన ఫారంలో గీతలు అన్నే ఉన్నాయి.

అభ్యర్థుల్లో వీరప్ప న్యాల్‌కల్ వైపు పల్లెలో ఉపాధ్యాయుడు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. పత్రం వస్తే జహీరాబాదులో ఉద్యోగం. వాళ్ల ఊళ్లో ఏడో తరగతి తర్వాత బడి లేదు. కూతురు ఆ ఏడే ఏడు ముగిస్తోంది. ఆ సంగతి మొదటిరోజే చెప్పాడు.

అతనికి ఝరాసంగం దగ్గరి బడి ఇచ్చాను. అక్కడి మాస్టరు గౌస్ సాబ్ నాకు తెలిసినవాడే. అంతకుముందు రెండుసార్లు తనిఖీ చేసి, తెలుగు పాఠం ‘చాలా బాగుంది’ అని రాశాను.

మూడు నెలల తర్వాత లాగ్‌బుక్కులు వచ్చాయి. గోడలకు సున్నం, పెరట్లో పూలమొక్కలు, గోడమీద పటాలు: ఏడుగురూ పద్నాలుగేసి సలహాలు రాశారు. వీరప్ప పుస్తకంలో వెళ్లిన తేదీలూ సంతకాలే ఉన్నాయి. మిగతావాళ్లకంటే ఎక్కువసార్లే వెళ్లాడు. పిలిచి అడిగితే, “చెప్పేది ఆయనకే చెప్పిన సార్. పుస్తకంల రాసేది కాదది” అన్నాడు. మొండివాడనుకున్నాను. ఫెయిలు చేసి కాగితాలు పైకి పంపేశాను.

ఎండాకాలం సెలవులకు ముందు ఆ బడికి తనిఖీకి వెళ్లాను. పాఠం ఎంచుకునే అవకాశం మాస్టరుకే ఇవ్వడం మా మర్యాద. గౌస్ సాబ్ మాత్రం పుస్తకం నా చేతికిచ్చి, ఏ పేజీ అంటే ఆ పేజీ చదువుతానన్నాడు. చూపించాను. నెమ్మదిగా, రెండుచోట్ల ఆగి, తప్పులేకుండా చదివాడు.

తర్వాత ఆయనే చెప్పాడు. చదువూ ఉద్యోగమూ నిజాం కాలంలో ఉర్దూలో మొదలయ్యాయి. రాష్ట్రం మారాక బడి తెలుగులోకి వచ్చింది.

“మాట్లాడనీకె వస్తుండె గని చదవనీకె రాకుండె సార్. మీరు విన్న పాఠం నాకు నోటికి వచ్చు. వీరప్ప సార్ మొదటిరోజే పట్టిండు. బడి విడిచినంక కూసోబెట్టి నేర్పిండు. పుస్తకంల రాస్తే నా నౌకరీ పోతుండె.”

పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా నేను కనిపెట్టి ఉండేవాణ్ణి కాదు. సిగ్గేసింది.

గౌస్ సాబ్ సంగతి బయటపెట్టకుండా, వీరప్ప వల్ల ఆ బడి మెరుగుపడిందని మాత్రం చెప్పి, ఫలితం మార్చమని పైకి రాశాను. ఒకసారి పంపిన ఫలితం మార్చే నిబంధన లేదనీ, ఆ బడి మెరుగుదలకు నా తర్ఫీదు కారణమైనందుకు అభినందనలనీ జవాబొచ్చింది. అది పట్టుకుని వీరప్ప దగ్గరికి వెళ్లాను. చదివి మడిచి ఇచ్చేశాడు. “ఫికర్ చేయకున్రి సార్. మీ ఫారంల దానికి జాగ లేకుండె” అన్నాడు. కూతురి సంగతి అడిగాను. ఏడుతో బడి మానేసి అల్లం చేలో పనికి పోతోందన్నాడు.

సలహా ఇచ్చినవాడు ఏం రాశాడో చూశాను గానీ, తీసుకున్నవాడు ఏం నేర్చుకున్నాడో చూడలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ముందు బడిలో పాఠం విని, పేజీ నేనే చూపించి, ఆ తర్వాతే లాగ్‌బుక్కు తెరిచాను. ఆ పద్ధతి నేర్పినవాణ్ణి ఫెయిలు చేసిన కాగితం మీద సంతకం నాదే.