మూడు వంకర అంకెలు

గాజు సీసా మూత తిప్పినప్పుడు వచ్చే కీచు చప్పుడు వింటే నాకు ఇప్పటికీ సరోజ మేడం గుర్తొస్తారు. ఆమెది కాకినాడ. సూరత్‌లో మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. సముద్రమంటే ప్రాణం, కాని సముద్రానికీ ఆమె పొట్టకూ పడదు. నెలకోసారి డుమస్ తీరంలో పడవెక్కి, ఎప్పుడూ ఒకే చోట రెండేసి సీసాల్లో నీళ్లు పట్టి, అందులో కార్బన్ డయాక్సైడు ఎంతుందో కొలిచేవాళ్లం. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటాయి. మేడం మాత్రం తిన్న ఇడ్లీలను కూడా వాటికే సమర్పించేవారు. మూతి తుడుచుకుని, "ఇదీ రిజిస్టర్లో రాయి నాయనా, అలలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది" అనేవారు.

మా ఇల్లు ఆ ఊరి మగ్గాల పేట భేస్తాన్‌లో. నాన్న మరమగ్గం మీద నేసిన గుడ్డలో లోపాలు వెతికి, చాక్‌పీసుతో గుర్తుపెట్టి, ఆ ముక్కను 'డ్యామేజ్ మాల్' అని కత్తిరించడం సెలవుల్లో నా పని. ఆ ఒక్క విద్యతోనే సముద్రశాస్త్రంలోకి దిగాను. మేడం ఐదేళ్ల కొలతలే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. అవి యూనివర్సిటీకి పంపాల్సిన రోజుకు ముందురోజు చూస్తే, మూడు నెలల అంకెలు వంకరగా ఉన్నాయి. ఆ నెలల్లో సముద్రం పీల్చడం మాని, తిరిగి గాలిలోకి వదిలినట్టుంది. రిజిస్టర్లో ఆ మూడింటినీ రబ్బరుతో శుభ్రంగా చెరిపేశాను. గ్రాఫు చీర అంచులా నున్నగా వచ్చింది.

"ఈ మూడు నెలలు ఏమయ్యాయి?" అన్నారు మేడం.

"డ్యామేజ్ మాల్ మేడం. తీసేసిన."

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "సముద్రం అన్ని నెలలూ, అన్నేళ్లూ ఒకేలా పీల్చదయ్యా. గాలి మారితే, నీటి వేడి మారితే అదీ మారుతుంది. ఎంత మారుతుందో తెలుసుకోవాలనే ఐదేళ్లుగా కక్కుతున్నాను. నువ్వు సరిగ్గా దాన్నే కత్తిరించావు."

నా డిగ్రీ, ఆమె ఐదేళ్లు ఒకే రబ్బరుకు పోయాయనుకున్నాను. మేడం లేచి బీరువా తెరిచారు. ప్రతి నెలా నింపి, నీరు మారకుండా మందు కలిపి మూసిన రెండో సీసాలు తేదీలతో సహా వరుసగా ఉన్నాయి. పడవలోంచి వాటిని మోసింది నేనే, చాదస్తమని గొణిగిందీ నేనే. సాయంత్రం దాకా మళ్లీ కొలిచాం. మొదటి అంకె అంతే వంకరగా వచ్చింది. రెండోదీ అంతే. మూడోది రాగానే మేడం బల్ల మీద దరువేశారు. "చూశావా, నీ డ్యామేజ్ మాల్ ఎంత ముద్దుగా ఉందో."

ఇంట్లో చెబితే నాన్న పడీపడీ నవ్వాడు. "సముద్రం గూడ మగ్గం మీది గుడ్డ అనుకున్నవా ఏందిర? జర చూసి కత్తిరియ్యరాదు?"

మేడం రిటైరయ్యారు. ఆ కొలతలు ఇప్పుడు నేను చూస్తున్నాను. వంకర అంకె వస్తే చెరపను. ముందు నా చేతినే అనుమానించి, మొదటినుంచీ మళ్లీ చేస్తాను. చాలాసార్లు తప్పు నాదే అవుతుంది. కాదని తేలిననాడు మాత్రం, ల్యాబ్‌లో ఎవరూ లేరని చూసుకుని, చిన్న గంతు వేస్తాను.