పదేళ్ళ రూలూ, ఇరవై రెండేళ్ళ ట్రైలరూ

ఏనుగుకి స్నానం చేయించేవాణ్ణి ఎవరినైనా అడగండి, వీపు మీంచి మొదలుపెట్టాలంటాడు. పైనున్న మురికంతా కిందికే కారుతుంది గనక. ఆర్డిస్ టోలెఫ్సన్ ఏనుగుని దగ్గరగా చూసింది లేదు గానీ, మిన్నెసోటాలో ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపి, ప్రతి శుక్రవారం ఆ బస్సుని తన చేత్తోనే కడుక్కున్న మనిషి. ఈ సంగతి ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. బస్సులు కడగడానికి వేరే మనిషి ఉండేవాడు. అతను కడిగితే కిటికీల కింద చారలు మిగులుతాయని ఆమె సణుగుడు. అంతకు ముందు, పెళ్ళికాని రోజుల్లో, తండ్రి పాడిలో పాల క్యాన్లు తోమేది. అక్కడ చార మిగిలితే పాలు విరిగిపోతాయి. శుభ్రత మీద మనుషులకుండే పట్టింపుకి మూలం వెతుక్కుంటూ పోతే, చివరికి ఇలాంటి పాల క్యానో, ఏ పచ్చడి జాడీయో తగులుతుంది.

ఆమెకిప్పుడు డెబ్బై మూడు. భర్త ఓర్లిన్‌కి డెబ్బై అయిదు. అతను ధాన్యం గోదాములో బతుకంతా పనిచేసి, జీతంతో పాటు పనికిరాని కుడి భుజం ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. పదకొండేళ్ళుగా, ఊళ్ళో తొలి మంచు పడగానే ఇద్దరూ ముప్పై రెండడుగుల ట్రైలరుని, అంటే చక్రాల మీది ఇంటిని, పికప్ ట్రక్కుకి తగిలించుకుని అరిజోనా ఎడారికి దిగిపోతారు. యూమా ఊరికి ఇవతల ట్రైలర్ల పార్కులో నలభై ఒకటో నంబరు స్థలం వాళ్ళది. పక్క స్థలం కాన్సస్ నుంచి వచ్చే నడీన్ ప్రూయిట్‌ది. పొద్దుటి కాఫీ ఆమెతో, మధ్యాహ్నం పేకాట ఆమెతో. ఏప్రిల్ దాకా ఆర్డిస్‌కి ఇంకో లోకం అక్కర్లేదు.

ఆ ఏడు పార్కు చేతులు మారింది. ఒక గురువారం సాయంత్రం తలుపు తలుపుకీ ఓ కాగితం అంటించి ఉంది. పదేళ్ళు దాటిన ట్రైలర్లని సోమవారం పది గంటలకి కొత్త మేనేజరు వచ్చి చూస్తుందట. కళ తప్పినవి నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలట. టోలెఫ్సన్‌ల ట్రైలరుకి ఇరవై రెండేళ్ళు.

"పదేళ్ళ రూలు బండ్లకే పెట్టారు, మనుషులకి కాదు. అందుకు సంతోషించు," అన్నాడు ఓర్లిన్.

నడీన్ ట్రైలరు కొన్నది మొన్నమొన్ననే. ఆమెకి ఏ భయమూ లేదు, కనక నోరు బాగానే లేచింది. "కోప్పడకే ఆర్డిస్, దారిలోంచి చూస్తే మీది పిండిబస్తాలా ఉంటుంది."

కోప్పడడానికి అందులో అబద్ధం లేదు. ఆర్డిస్ తన నల్ల స్వెట్టరు మోచేతిని గోడకి ఒకసారి రాసింది. సుద్దముక్కకి రాసినట్టు తెల్లగా వచ్చింది. ఆ గోడలు ఫైబరువి, ఫైబరు గుణమే అంత. ఎండ దాని మీది నున్నదనాన్ని కొంచెం కొంచెంగా తినేసి పొడి మిగులుస్తుంది. ఉప్పునీళ్ళ మీద ఫైబరు పడవలు నడిపేవాళ్ళదీ ఇదే గోల. దానికి మందు మైనమే. ఏడాదికోసారి మైనం పట్టిస్తే ఎండ ముందు మైనాన్ని తింటుంది, గోడ జోలికి రాదు.

మరి ఈ ఇరవై రెండేళ్ళూ గోడ మీద మైనం ఎందుకు నిలవలేదు? బండి కడగడం ఇన్నాళ్ళూ ఓర్లిన్ వంతు. ఏటా వసంతంలో గిన్నెలు తోమే సబ్బుతో నురగలు తేలేలా కడిగేవాడు. ఆ సబ్బు జిడ్డుతో పాటు మైనాన్నీ ఊడ్చుకుపోతుందని కూర్చుని చర్చించుకుంటే, ఆ పూట భార్యాభర్తల మధ్య కాస్త వేడి పుట్టింది. కడిగినప్పుడల్లా అద్దంలా మెరిసేదన్నాడతను.

"తడిగా ఉన్నంతసేపు మెరిసేది," అంది ఆర్డిస్.

శుక్రవారం కడగడంతోనే సరిపోయింది. పార్కులో గొట్టం పెట్టి కడగడం నిషేధం, బకెట్లే శరణ్యం. ఓర్లిన్ ఎడమ చేత్తో నిచ్చెన పట్టుకుంటే, ఆమె పైకప్పు తోమి, అక్కణ్ణించి కారిన నల్ల చారల్ని ఒక్కొక్కటే వదిలించింది. పెద్ద గొడవ శనివారం మొదలైంది. ముందు గరుకు పాలిష్‌తో ఆ సుద్దని తీసెయ్యాలి. తర్వాత మైనం రాసి, అది పొగమంచులా తెల్లబారేదాకా ఆగి, మెత్తటి గుడ్డతో తుడవాలి. ఒక్కోసారి రెండడుగుల చదరమే. అదీ నీడలోనే. తలుపు వైపు గోడ పడమటికి ఉంది, దాని మీద మధ్యాహ్నం దాకా నీడ. ఆ పూట సగం గోడ అయింది. అవతలి గోడకి నీడ వచ్చేసరికి ఆమె చేతులు భుజాల కంటే పైకి లేవలేదు.

ఆదివారం చర్చికెళ్ళొచ్చేసరికి పదకొండు. రెండు గంటలు పోయాయన్న ఆత్రంలో, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క రోజైనా బస్సుని తొందరపెట్టని మనిషి, మిగిలిన గోడంతటికీ ఒకేసారి మైనం పూసేసింది. తుడవడం మొదలుపెట్టేలోపు ఎండ కప్పు దాటి ఇవతలికి దిగింది. మైనం మాడి, పెనానికి అంటుకున్న దోసెలా కూర్చుంది. దాన్ని కరిగించి ఊడదీసి, ఎండ వాలాక మళ్ళీ పట్టించేసరికి మసక చీకటి పడింది. తలుపు వైపు గోడ మాత్రం చూడాల్సిందే. ఎదుటి కొండలు అందులో నీళ్ళలో కనిపించినట్టు కనిపించాయి. తూర్పు గోడ మాత్రం అలాగే పిండిబస్తా.

సోమవారం పొద్దున్న ఆ గోడ నిండా ఎండ. చేతులు కట్టుకుని చూడ్డం తప్ప చేసేదేమీ లేదు. ఓర్లిన్‌కి ఒక ఉపాయం తోచింది. పికప్‌ని ఆ గోడకి ఆనించి పెట్టి, పక్కనే రెండు దుప్పట్లు ఆరేస్తే, మేనేజరు దారిలోంచి చూసి వెళ్ళిపోతుంది.

ఆర్డిస్ అతను బయటికి తెచ్చిన దుప్పట్ల వంక చూసింది. నలభై ఒకటి పోతే మళ్ళీ ఎక్కడని, ఈ వయసులో ఎవరితో కొత్తగా కాఫీ తాగడం మొదలుపెట్టాలని, అన్నీ మనసులో తిరిగాయి. చివరికి అంది:

"బస్సుకి ఒక పక్కే కడిగి ఏనాడూ పిల్లల్ని ఎక్కించలేదు. దుప్పట్లు లోపల పెట్టు."

మేనేజరు రెనాటా కిరోస్, నలభై ఏళ్ళది, మొహం మీద నవ్వూ లేదు కోపమూ లేదు. తలుపు వైపు గోడని చూసి బావుందన్నట్టు తలాడించి కాగితం మీద పెన్ను పెట్టింది. ఆర్డిస్ ఆమెని ఆపి, అటువైపు కూడా చూడాలంది. ఓర్లిన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. రెనాటా చుట్టూ తిరిగి వెళ్ళి తూర్పు గోడ మీద అరచెయ్యి పెట్టింది. తెల్లగా వచ్చిన ఆ చేతిని కాసేపు చూసుకుంది. ఆ పక్క ఎవరిచేత చేయించారని అడిగింది.

"నేనే. ఒకటిన్నర రోజు పట్టింది. అందులో సగం నా తప్పు నేను దిద్దుకోడానికే," అంది ఆర్డిస్.

"ఈ పక్క ఎప్పటికవుతుందమ్మా?"

"మధ్యాహ్నాలు నీడ వస్తుంది. గురువారానికి."

కాగితం మీద అవును, కాదు అని రెండే గళ్ళున్నాయి. రెనాటా 'అవును' గడిలో టిక్కు పెట్టి, పక్కన గురువారం అని రాసి, ఆ చీటీ ఆమె చేతికిచ్చింది.

గురువారం అయిదింటికి తూర్పు గోడ పూర్తయింది. మేనేజరు రాలేదు. నడీన్ పేక కలిపి పిలిచింది. పిలుపు విననట్టు ఆర్డిస్ చేతులు కడుక్కుని ఆఫీసుకి నడిచింది. మీరు చెప్పారుగా, నాకు నమ్మకమే, మళ్ళీ రావడమెందుకంది రెనాటా, కాగితాల్లోంచి తలెత్తకుండా.

"నమ్మకాలు తర్వాత. వచ్చి చెయ్యి పెట్టి చూడండి," అంది ఆర్డిస్, తలుపు తెరిచి పట్టుకుని.

రెనాటా లేచి టోపీ పెట్టుకుంది.