దానంతటదే వెలిగిన లైటు

మనిషి ముఖం మీద వెలుగు ఎటు నుంచి పడాలో నాకింకా తెలియని రోజులవి. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి. వాటిని తప్పించుకోవడానికి పటాన్‌చెరులో ఒక ఫోటో స్టూడియోలో పని నేర్చుకోవడానికి చేరాను. (ప్లాంటు ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా వదిలి వచ్చిన మా నాన్న, "ఇంత చదువూ చదివి గొడుగులు మోస్తావుటే?" అన్నారు. ఫ్లాష్ లైటుకు తగిలించే తెల్ల గొడుగు మోస్తూ నేను ఆయన కంటపడ్డాను లెండి.) యజమానిని ఊరంతా ఫ్లాష్ సారు అనేవారు. ఫోటోలు తీసే ఆడపిల్ల ఉంటే ఆడవాళ్ళు ఎక్కువ వస్తారని ఆయన ఆశ. వచ్చారు కూడా. ఫోటోలు చూసుకుని మళ్ళీ రాలేదు. నేను లైటును నేలకు దగ్గరగా పెట్టేదాన్ని. కింది నుంచి వెలుగు పడితే గడ్డం మెరుస్తుంది, కళ్ళు గుంటలు పడతాయి, ముక్కు నీడ నుదుటి మీదికి పాకుతుంది. పెళ్ళిచూపుల ఫోటో కోసం వచ్చిన ఒక చక్కని అమ్మాయిని నేను అలా తీస్తే, సారు తల పట్టుకున్నారు. "గీ ఫోటో సూస్తే పెండ్లికొడుకు రాడు బిడ్డా, భూతవైద్యుడొస్తడు. లైటు జెర మీదికెత్తు!"

పోర్ట్రెయిట్లు తీసేది వెనక గదిలో. కిటికీ లేదు, గోడలకు నల్లరంగు. అందులో రెండు లైట్లు. ఒకటి కెమెరాకు తీగతో కట్టి ఉండేది. రెండోది మూలన, ఏ తీగా లేకుండా, ఒంటరిగా నిలబడి ఉండేది. చేరిన రోజే సారు హెచ్చరించారు. "దాని వెన్కాల ఎర్ర బటన్ ఉంటది. నువ్వు దాని జోలికి పోకు. అది టైముకు అదే వెలుగుతది." ఎలా వెలుగుతుందో చెప్పలేదు, నేను అడగనూ లేదు. (సారు ఏ సంగతైనా సగమే చెప్పేవారు. మిగతా సగం తిట్లలోంచి ఏరుకోవాలి.)

ఒక మధ్యాహ్నం బొల్లారం నుంచి ఒకతను వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి, కంపెనీ గేట్ పాస్ ఒకటి. ఎనిమిది రోజుల కిందట అతని అన్న గుండెపోటుతో పోయాడు. ఎల్లుండి పెద్దకర్మ. దండ వేయడానికి ఫోటో కావాలి, కానీ ఆ గేట్ పాస్ మీది ముఖం తప్ప అన్నకు సరైన ఫోటో ఒక్కటీ లేదు. "వదిన అడిగింది మేడం. గింత పెద్ద ఫోటో గావాలె."

ఇలాంటి పనికి సారు దగ్గర పాత పద్ధతి ఉండేది. పోయినవాళ్ళ చొక్కాను అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి తొడిగి ఫోటో తీయడం, తర్వాత కంప్యూటర్లో ఆ తల తీసేసి పాత ముఖం అతికించడం. గేట్ పాస్‌లో వెలుగు ఎటు నుంచి పడిందో భుజాల మీదా అటు నుంచే పడాలి. తేడా వస్తే అతికించిన తల అని చూసిన ప్రతివాళ్ళకూ తెలిసిపోతుంది. దండ వేయవలసిన ఆవిడకు ఇంకా బాగా తెలుస్తుంది. ముందు గదిలో పాస్‌పోర్ట్ ఫోటోల కోసం ఒక కంపెనీ జట్టు దిగడంతో, సారు మొదటిసారి ఆ పని నాకే వదిలేశారు. "కుడి దిక్కు మీదికెల్లి కొట్టు. ఆగం జెయ్యకు," అని తన లైటు దగ్గరికి వెళ్ళిపోయారు.

అతను అన్న చొక్కా తొడుక్కుని స్టూలు మీద కూర్చున్నాడు. తల మాత్రం ఎత్తడు. గడ్డం నీడ కాలరు మీద పడుతోంది. "కొంచెం తలెత్తండి" అన్నాను, నాలుగుసార్లు. "ఎత్తుడైతలేదు మేడం. గీ అంగిల ఊపిరి ఆడ్తలేదు." కెమెరాలోంచి చూశాను. మసక వెలుతురులో వంగిన తల కనిపించడం లేదు. చొక్కా ఒక్కటే స్టూలు మీద కూర్చుని ఉంది.

అప్పుడతను నాతో కాదు, చొక్కాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. కంపెనీ బస్సు దగ్గర నలుగురి ముందూ అన్న తన చెంప మీద కొట్టాడట. ఆ కోపంతో తను ఏడాది అన్నతో మాట్లాడలేదట. ఇద్దరిదీ ఒకటే షిఫ్టు, ఒకటే బస్సు. "అన్నా, ఇంటున్నవా?" అన్నాడు మెల్లగా.

మూలనున్న లైటు ఫట్‌మని వెలిగింది.

నేను ఏమీ నొక్కలేదు. నా రెండు చేతులూ కెమెరా స్టాండును పట్టుకుని ఉన్నాయి. అతను లైటు వైపు చూసి చేతులు జోడించాడు. "నా మీన కోపమున్నదా అన్నా?" మళ్ళీ వెలిగింది. భయమేస్తే దేవుణ్ణి తలుచుకోమని మా అమ్మ నేర్పింది గానీ, ఆ క్షణంలో నాకు పదమూడో ఎక్కం తప్ప ఏమీ గుర్తు రాలేదు (అది కూడా తప్పుగా).

"గిప్పుడు నన్ను సూస్తున్నవా అన్నా?" అన్నాడతను. లైటు మూడోసారి వెలిగే ముందు గుమ్మం అవతల నుంచి సారు గొంతు వినపడింది. "తల నిల్వు వెట్టు... ఆఁ... నెక్స్ట్!" గుమ్మం వైపు చూశాను. అక్కడ ఉండాల్సిన మందపాటి నల్ల తెర లేదు. దుమ్ము పట్టిందని పొద్దున నేనే ఉతికి మేడ మీద ఆరేశాను. దాని బదులు పల్చటి పాత చీర కట్టాను. ముందు గదిలో సారు ఫ్లాష్ కొట్టినప్పుడల్లా ఆ వెలుగు చీరలోంచి దూరి మూల లైటును తాకుతోంది. ఇంకో ఫ్లాష్‌ను చూస్తే తానూ వెలగడమే ఆ లైటు పని! సారు చెప్పని రెండో సగం అదన్నమాట. ప్రాణం లేచి వచ్చింది. నవ్వు కూడా వచ్చింది, ఆపుకున్నాను.

అతను ఇవేవీ గమనించలేదు. "తప్పు నాదే అన్నా. నేను మాట్లాడకున్నా దినాం నీ పక్కకు తువ్వాల ఏసి సీటు ఆపినవు. నేనేమో ఎన్కకు వొయి కూసున్న. నన్ను మాఫ్ జేసినవా?"

అవతల సారు గొంతు: "అయిపోయిన్రా అందరు? రేపు రాన్రి."

లైటు వెలగలేదు. అతను ఎదురుచూస్తున్నాడు. నేనూ ఎదురుచూస్తున్నాను, అన్నీ తెలిసి కూడా. గది అంత చీకటిగా నాకెప్పుడూ అనిపించలేదు. అతని తల మళ్ళీ వాలింది, చొక్కా భుజాలు మెల్లగా కిందికి జారుతున్నాయి. నిజం చెప్పేద్దామనుకున్నాను, కానీ చెబితే ముందు వచ్చిన మూడు జవాబులూ పోతాయి. చప్పుడు కాకుండా మూలకు వెళ్ళి ఎర్ర బటన్ నొక్కాను. లైటు వెలిగింది.

అతను తలెత్తాడు. పరుగున కెమెరా దగ్గరికి వచ్చి ఒక్కటే ఫోటో తీశాను. వెలుగు కుడివైపు పై నుంచి దిగి, తడిసిన చెంప మీద ఆగింది. ముక్కు నీడ ఉండాల్సిన చోటే ఉంది.

సారు కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు దాన్ని చూశారు. "నువ్వే తీసినవా బిడ్డా?" అన్నారు. తర్వాత ఆ ముఖాన్ని కాలరు దాకా నీటుగా కత్తిరించి తీసేశారు. "ఏం జేస్తం, మనకు గావాల్సినయి భుజాలే గదా." మర్నాటి పెళ్ళి ఫోటోల కోసం కెమెరాలోని మెమరీ కార్డు కూడా తుడిచేశారు.

ఫ్రేమ్ తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు అతను గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, ఆఖరిది మీరే కొట్టిన్రు గదా? బటన్ సప్పుడు ఇనొచ్చింది."

అవునన్నాను.

"మరి ముందల మూడు?"

"అవి నేను కాదండి," అన్నాను. అబద్ధం కాదు. నేనూ సగమే చెప్పడం నేర్చుకున్నాను, అంతే.

"గవి చాలు," అని ఫ్రేమును గుండెకు ఆనించుకుని షేర్ ఆటో ఎక్కాడు.

ఇప్పుడు అమీన్‌పూర్‌లో నాకు సొంత స్టూడియో ఉంది. బుట్టల్లో పడుకోబెట్టిన పసిపిల్లల ఫోటోలు తీస్తుంటాను. బొల్లారంలో ఒక గోడ మీద తమ్ముడి భుజాలపై అన్న ముఖం ఉండే ఉంటుంది. నేను తీసిన మొదటి మంచి ముఖం మాత్రం ఎక్కడా లేదు. నా లైట్లన్నీ రిమోట్ నొక్కితేనే వెలుగుతాయి. ఎప్పుడైనా ఒకటి వెలగకపోతే, ఎదురుగా ఉన్నవాళ్ళు మనసులో ఏదైనా అడుగుతున్నారేమోనని ఒక్క క్షణం ఆగుతాను. తర్వాత బ్యాటరీ మారుస్తాను.