నాలుగో చక్రం

నాకు ఓపిక తక్కువ. పాలు కాగేదాకా నిలబడలేక మంట పెంచేస్తాను. ఎదుటివాళ్ళు చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతుంటే నా చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. పిల్లవాడు బోర్డు దగ్గర తడబడితే సుద్దముక్క లాక్కుని నేనే చేసేసేదాన్ని. దీన్ని అందరూ చురుకుదనం అన్నారు, నేనూ నమ్మాను.

మా ఆయన నాకు పూర్తిగా వ్యతిరేకం. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఆఫీసులో ఫైలు కదిలే వేగమే ఈయనకీ వంటబట్టిందని ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి, ఇంకాస్త నెమ్మదిగా పేపరు తిరగేసేవారు.

రిటైరైన రెండో ఏడు ఆయన కుడిచేతి వేళ్ళలో పట్టు తప్పడం మొదలైంది. ముందు పెన్ను జారింది, తర్వాత గ్లాసు. గవర్నర్‌పేటలో డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, ఇది నరాల జబ్బనీ, నయం చేసే మందు లేదనీ, చేతుల తర్వాత కాళ్ళకూ పాకుతుందనీ మెల్లిగా చెప్పారు. నేను అక్కడే ఏడ్చేశాను. ఆయన మాత్రం, "చేతులు ఎన్నాళ్ళు పనిచేస్తాయండీ?" అని అడిగారు. ఏడాది కావచ్చు, ఇంకా తక్కువా కావచ్చు అన్నారు డాక్టరుగారు.

మర్నాడు పొద్దున్నే ఆయన కిందికి వెళ్ళి మా కారు ముందు కూర్చున్నారు. పటమటలో మా అపార్ట్‌మెంటు పార్కింగులో ఉండే పాత కారది. దాని అల్యూమినియం చక్రాలు కొన్నప్పుడు తళతళలాడేవి. ఏళ్ళ తరబడి ఎండకీ, వాననీళ్ళకీ పై పొర పొక్కులు లేచి, లోపల తెల్లటి మచ్చలు పడ్డాయి. నాలుగింటినీ తన చేత్తో మళ్ళీ అద్దాల్లా చేస్తానన్నారు.

"ఇదేం పిచ్చండీ? ఆటోనగర్‌లో ఇస్తే రెండ్రోజుల్లో చేసిస్తారుగా" అన్నాను.

"వాళ్ళు చేస్తే వాళ్ళ పనవుద్ది. నాలుగూ అయ్యేదాకా ఈ చేతులు నిలబడితే చాలు, ఇంకేమీ అడగను" అన్నారు.



మెకానిక్ వచ్చి ఒక్కో చక్రం విప్పి, దాని చోట స్పేర్ చక్రం బిగించి వెళ్ళేవాడు. ముందు పాత పొరంతా గీకి తీసెయ్యాలి. తర్వాత నీళ్ళు చల్లుకుంటూ వాటర్ పేపర్‌తో రుద్దాలి. మొదట గరుకుది, అది పెట్టిన గీతలు పోవడానికి కాస్త నున్నటిది, ఆ గీతలూ పోవడానికి ఇంకా నున్నటిది. మధ్యలో ఒక్క మెట్టు ఎగ్గొట్టినా చివర్లో బయటపడుతుందట. అన్నీ అయ్యాక డ్రిల్లుకి గుడ్డబిళ్ళ తగిలించి, తెల్లటి పాలిష్ సబ్బు పట్టించి మెరుగు పెట్టాలి. మొదటి చక్రం మూడు వారాల్లో అయింది. రెండోది ఐదు వారాలు పట్టింది. మూడోదానికి వచ్చేసరికి వేళ్ళు పేపరు పట్టుకోలేక, దాన్ని చెక్కముక్కకి చుట్టి, ఆ చెక్కని అరచేతికి గుడ్డతో కట్టించుకున్నారు. కట్టేది నేనే. అది పూర్తయిన రోజు నన్ను కిందికి పిలిచారు.

"ఇటు చూడవోయ్, నీ మొహం కనపడతంది. కోపంగా కూడా ఉంది."

నిజంగానే కనపడింది. ఆ ఏడాదిలో ఆయన్ని అంత సంతోషంగా చూడటం అదే.

నాలుగో చక్రం నా ప్రాణం తీసింది. పది నిమిషాలు రుద్దితే అరగంట ఆగాలి. చెక్కముక్క కట్టులోంచి జారి నేల మీద పడేది. ఆయన వంగి, రెండు మణికట్లతో దాన్ని పైకి తీసుకునేవారు. నేను బాల్కనీలోంచి చూస్తూ చీర కొంగు నలుపుకునేదాన్ని. సగం పైగా అయ్యాక, వరసగా నాలుగు రోజులు ఆయన కిందికి దిగలేదు. ఇక ఆయన వల్ల కాదని, పైకి చెప్పుకోలేకపోతున్నారని నేనే తీర్మానించేశాను. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు.

అది కార్తీకమాసం, సోమవారం. "ఇప్పుడే వస్తా" అని ఆయన పొద్దున్నే ఆటోలో ఎటో వెళ్ళారు. నేను దీపాల కుందులు తోముకుంటున్నాను. మా గేటు పక్కన ఇస్త్రీబండి దగ్గర బొగ్గుల బూడిద అడిగి తెచ్చుకోవడం నాకు అలవాటు. చింతపండు, బూడిద కలిపి తోమితే ఇత్తడి బంగారంలా వస్తుంది. కుందులు మెరిసిపోతుంటే నాకు చక్రం గుర్తొచ్చింది. ఇంత నల్లటి ఇత్తడి మెరిసింది, అది మెరవదా అనుకున్నాను. మిగిలిన చింతపండూ బూడిదా తీసుకుని కిందికి పరిగెత్తాను.

చక్రమంతా తడిబూడిద దట్టంగా పట్టించి, వంట ముగించుకుని వచ్చి, కొబ్బరిపీచుతో రెక్కలు పడిపోయేలా తోమాను. ఆయన వచ్చి చూసి ఆశ్చర్యపోతారని, నన్ను మెచ్చుకుంటారని మనసులో మురిసిపోయాను కూడా. నీళ్ళు కొట్టాను. చక్రం నల్లబడిపోయింది. ఆయన నున్నగా చేసిన చోటల్లా బూడిదరంగు మచ్చలు, వాటి మీద అడ్డదిడ్డంగా గీతలు. అల్యూమినియానికి బూడిద పడదని నాకప్పుడే తెలిసింది. మళ్ళీ తోమాను, ఇంకా పాడైంది.

ఆయన ఆటో దిగేసరికి నేను తడిచేతులతో అక్కడే నిలబడి ఉన్నాను. చంకలో ఒక కాగితం పొట్లం ఇరికించుకుని నడిచి వచ్చారు. చక్రాన్ని చూశారు. నేను గబగబా ఏదేదో చెప్పాను. అంతా విన్నారు.

"వేళ్ళకి కాస్త బలం వస్తుందని నాలుగు రోజులు ఆగానోయ్" అన్నారు. "ఈ నున్న పేపరు ఒక్కటే తక్కువైంది. ఆటోనగర్ పోయి తెచ్చుకున్నా."

"తిట్టండి నన్ను" అన్నాను.

"తిట్టడం దేనికి? సాయం చేద్దామనేగా చేశావు."

ఆ నలుపు పోవాలంటే మళ్ళీ గరుకు పేపరు నుంచి మొదలుపెట్టాలి. ఆయన రెండు రోజులు ప్రయత్నించారు. అంత బలం ఆ చేతుల్లో మిగిలి లేదు. మూడో రోజు చెక్కముక్కని మోచేత్తో నా వైపు జరిపి, "నువ్వు రుద్దు, నేను చెప్తా" అన్నారు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతుంటే నెలన్నర రుద్దాను. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాను. చక్రం మెరిసింది.

మెకానిక్ వచ్చి దాన్ని బిగించి, కారు చుట్టూ తిరిగి చూశాడు. "ఏంది సార్, నాలుగూ మీరే చేశారా? మా షెడ్లో కూడా ఇంత బాగా రాదండీ."

"మూడేనయ్యా. నాలుగోది మా ఆవిడది."

"అమ్మగారు కూడా గట్టివారేనండీ" అని మెకానిక్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

లిఫ్టులో అడిగాను. "నాలుగూ మీవేనని చెబితే ఏం పోయిందండీ? దాన్నీ సగం పైగా మీరే చేశారుగా."

ఆయన మోచేత్తో మా అంతస్తు బటన్ నొక్కారు. "నువ్వు తోమిన రోజుకి ఇంకో పది రోజుల పనే ఉంది" అన్నారు. "ఆ పది రోజులూ ఈ చేతులు ఆగేవో లేదో. అదొక్కటీ తెలిస్తే బాగుండేది."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే ఎదురు పోట్లాడి, ఏడ్చి, మర్చిపోయేదాన్ని. ఇప్పుడు ఆయన చేతులు పూర్తిగా ఆగిపోయాయి. అన్నం నేనే తినిపిస్తాను. ముద్ద నోట్లో పెట్టి, నమిలి మింగేదాకా ఎంతసేపైనా ఆగుతాను. ఆ పది రోజులు మాత్రం ఆగలేకపోయాను.