యాభయ్యో పుట్టినరోజున పదిహేడో భాగం

మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో పన్నెండు ఊళ్లకు జమీందారు. మా తాతగారు దివాణంలో కూర్చుని దానపత్రాల మీద సంతకాలు చేసినవారు. మా ఇంటివాళ్ల చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలనీ, పుచ్చుకోవడానికి చాపకూడదనీ నాకు చిన్నప్పుడే నేర్పారు.

తొంభైలలో, నాకు యాభై నిండిన రోజున, ఫిల్మ్‌నగర్‌లో సిటీబస్సు ఎక్కాను. పక్క సీటులో సినిమా సెట్లు వేసే పనివాడొకాయన పాత పుస్తకాల కట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. పైనున్నదాన్ని మెడ చాచి చూశాను. ఇరవై నాలుగు భాగాల బొమ్మల కథలో పదిహేడోది. మిగతావన్నీ నా దగ్గరున్నాయి. ఆ ఒక్కదాని కోసం నలభై ఏళ్లుగా వెతుకుతున్నాను.

"ఏంది సార్, గట్ల జూస్తున్నరు?"

"అది నాకు ఇస్తారా?" అన్నాను. నా జీవితంలో ఒకరిని అడగడం అదే మొదలు.

"పిల్లలకా?"

"నాకే. ఇవాళ నా పుట్టినరోజు."

"అయితే పోరడు మీరేనా!" అని పకపకా నవ్వాడు. "తీస్కోండి. సెట్టు అలమరల పేర్చేటియి. ఒకటి తక్కువైతే కెమెరాకేం ఎరుక?"

నా చెయ్యి సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన అది గమనించాడు. పుస్తకాన్ని తన అరచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి బాగా కిందికి దించాడు.

"మీదికెల్లి తీస్కోండి సార్."

పైనుంచే తీసుకున్నాను. యూసుఫ్‌గూడలో రాజులా దిగాను.

ఇరవై నాలుగు భాగాలూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. మాకు చివరికి మిగిలిన శ్రీనగర్ కాలనీ ఇల్లు మాత్రం ఆ మరుసటి ఏడాదే అమ్మేశాం.