పెళ్లి బోర్డు అక్షరాలు

మొన్న ఫోనులో ఒక శుభలేఖ వచ్చింది. పెళ్లికూతురి పేరు, కుంచెతో ఒక్క ఊపున గీసినట్టుండే ఆ అక్షరాల్లో ఉంది. ఎవరి పెళ్లో చూడకుండానే ఫోను బోర్లించేశాను. ఇంట్లోవాళ్లకి నా సంగతి తెలుసు.

ఆ అక్షరాలు మీరూ చూసే ఉంటారు. పుట్టింది కంప్యూటర్లోనే అయినా, ఎవరో రంగులో కుంచె ముంచి రాసినట్టు కనబడాలని వాటి తాపత్రయం. తలకట్టు పక్క అక్షరం నెత్తికెక్కుతుంది, కొమ్ము జారి కింది వరుసలో కాలు పెడుతుంది, దీర్ఘం ఎక్కడ ఆగాలో దానికే తెలీదు. అరకు నుంచి ముంచింగిపుట్టు దాకా ఏ ఫ్లెక్సీ చూసినా అవే. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, జాతర్లు, రిసార్టుల స్వాగతాలు. వేడుకకి బాగానే ఉంటాయి, కాదనను. పట్టుచీర కట్టుకుని పొలం పనికి పోకూడదు, అంతే.

మా పిన్ని నలభై దాటాక పెద్దల బడిలో చదువు నేర్చుకుంది. వాచకంలో ఉండే గుండ్రటి అచ్చక్షరాలే ఆవిడకి వచ్చు. వచ్చాక ఇక ఊరుకుందా? విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని సంతకి పోతూ, దారిలో కనబడ్డ ప్రతి బోర్డూ పైకి చదివేది. "ఏటే గుంటా, ఆ మందుల కొట్టోడు దీర్ఘం మింగేసినాడు సూడు" అని నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టేది. ఆవిడతో సంతకి వెళ్లి తొందరగా ఇల్లు చేరిన పాపాన పోలేదు. ఒక్క పెళ్లి ఫ్లెక్సీలే ఆవిడకి కొరుకుడు పడేవి కావు. "అయి సదవడానికి కాదే, సూడ్డానికి" అని కొట్టిపారేసేది.

మా వాగులో మోకాల్లోతున దాటే రేవొకటి ఉండేది. రోడ్డు పనికి రాళ్లూ ఇసకా తవ్వుకుపోయి అక్కడ పెద్ద గొయ్యి చేశారు. నీళ్లు నిండితే పైకి ఏమీ తెలిసేది కాదు. అందుకని గట్టు మీద రేకు బోర్డొకటి పాతారు: "లోతు ఎక్కువ, దిగరాదు." చుట్టూ పూల అంచు, లోపల అవే కుంచె వంకరలు. టూరిస్టులొచ్చే చోటు, అందంగా ఉండాలన్నారట. అన్నవాళ్ల మొహం మండ.

కోడలితో అడ్డాకులకి వెళ్లి వస్తూ పిన్ని ఆ కొత్త బోర్డు ముందు ఆగింది. ఆ తర్వాతది కోడలు చెప్పిందే. "అత్త సదవబోయింది, అచ్చరాలు కూడలేదు. ఎవులదో పెళ్లి బోర్డులే, బేగి రాయే అని నాకన్నా ముందల దిగిపోనాది." ఆకుల మోపు తేలింది. పిన్ని కింది మలుపు దగ్గర రాళ్లలో దొరికింది.

నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చదువు రాక పోయిందంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆవిడకి చదువొచ్చు.

శుభలేఖ వచ్చిన మర్నాడు వాగు దాకా వెళ్లాను. బోర్డు ఇంకా ఉంది. పూల అంచూ, సన్నటి తోకలూ, వంకరలూ వెలిసిపోయి లావుపాటి అక్షరాలు మాత్రం మిగిలాయి. "దిగరాదు" అని ఇప్పుడైతే మా పిన్ని గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. ఆ మాత్రం పనికి ఎండకీ వానకీ ఇన్నేళ్లు పట్టింది.