తడిసిన మొక్కజొన్న

ఈ మాట ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్ళో నాకు పిండిమర ఉంది. కోళ్ళ దాణా కూడా అక్కడే ఆడి అమ్ముతాను. ఒక ఏడాది వేసవి మొదట్లో అకాలవర్షం పడింది. కళ్ళంలో నా మిరపకాయలూ ఉన్నాయి, మొక్కజొన్నా ఉంది. ఉన్న టార్పాలిన్ పట్టలన్నీ ఎక్కువ ధర పలికే మిరప మీదే కప్పాను. మా వైపు ఎవరైనా అంతే చేస్తారు. మబ్బు కనబడితే చేతులు వాటంతటవే మిరప వైపు వెళతాయి.

తరవాత చేసిందే పాపం. తడిసిన గింజలు రాశిలోనే వేడెక్కి పచ్చగా బూజు పట్టాయి. రోడ్డు మీద ఆరబోసి, బూజు దులిపి, కోళ్ళ దాణాలో కలిపి మర ఆడించాను. పిండి అయ్యాక ఏ గింజ ఎలాంటిదో ఎవరికి తెలుస్తుంది? ఎండకు అంతా పోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? నమ్మితే ఆ దాణా మా పెరటి కోళ్ళకు ఎందుకు పెట్టలేదు?

దాన్ని మరియమ్మ కొన్నది. భర్త పోయాక కూలికి వెళ్ళడం మానేసి, రేకుల షెడ్డు వేసి, గుడ్లు పెట్టే కోళ్ళతో పిల్లల్ని సాకుతున్న మనిషి. నన్ను అన్నా అని పిలిచేది. కొన్నాళ్ళకే కోళ్ళు ముడుచుకుని కూర్చోవడం, చావడం మొదలైంది. కబురు పెడితే వెళ్ళాను. పశువుల డాక్టరు అప్పటికే ఒక కోడిని కోసి, పసుపుపచ్చగా ఉబ్బిన కాలేయం చూస్తున్నాడు.

"తడిసిన మొక్కజొన్న ఏమన్నా కలిసిందా?" అని నన్ను అడిగాడు. "ఎండబెడితే బూజు పోద్ది గానీ విషం పోదు. దాణా మార్చి, మందు కలిపితే మిగిలినవన్నా బతుకుతాయి."

నేను నోరు తెరిచేలోపే మరియమ్మ అందుకుంది. "దాణాకేం సార్? అన్న మరలోది. నా పిల్లలు తినే పిండి గూడా అక్కడే ఆడిస్తా. నేనే షెడ్డు సరిగ్గా కడగలేదేమో."

డాక్టరు నా వంకే చూస్తున్నాడు.

"తడిసిందేం లేదండీ," అన్నాను.

పోనీ, చాటుగా మంచి దాణా పంపినా సగం కోళ్ళు దక్కేవి. ఉన్నట్టుండి మారిస్తే అనుమానం వస్తుందని అదీ చేయలేదు. ఆమె రోజూ సున్నం చల్లి షెడ్డు కడుక్కుంటూ, అదే దాణా పెట్టుకుంటూ, చివరి కోడి దాకా పోగొట్టుకుంది. పిల్లల్ని తీసుకుని చీమకుర్తి వెళ్ళి రాళ్ళు కోసే చోట పనిలో చేరింది.

మొన్న ఊరికి వచ్చినప్పుడు, కోళ్ళు పెంచుతానన్న మేనకోడలిని నా మర దగ్గరికే తీసుకొచ్చింది. అన్న దాణా మంచిదేనట, తనకే శుభ్రం చేతకాక కోళ్ళను చంపుకుందట. నా ఎదురుగానే చెప్పింది. నేను తల ఊపాను.

ఆమెకు శుభ్రం చేతనవును. ఆ కోళ్ళను చంపింది నేను. ఈ ముక్క ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గేస్తోంది.